ఎండ కాస్తుండగా వచ్చే వరద: ఆటిజాన్ని ఊహాకథలో రాయడం ఎలా

పోయిన నెల ఒక కుర్రాడు తన కథ పంపి, "అక్కా, చదివి ఎలా ఉందో చెప్పాలి" అన్నాడు. కథలో పన్నెండేళ్ల పిల్లకి ఆటిజం, అంటే శబ్దాల్నీ మనుషుల మాటల్నీ మెదడు పుట్టుకతోనే వేరేగా అందుకోవడం. ఎవరి కళ్లలోకీ చూడదు, పేరు పెట్టి పిలిస్తే పలకదు. ఆ పిల్ల వేరే గ్రహం నుంచి వచ్చిందని చివర్లో తెలుస్తుంది. ఆఖరి పేజీలో ఆకాశం నుంచి ఓడ దిగుతుంది, పిల్ల నవ్వుతూ ఎక్కి వెళ్లిపోతుంది, తల్లి చెయ్యి ఊపుతుంది. ఆ అబ్బాయి ప్రేమగానే రాశాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది నీ చోటు కాదు, నువ్వు వెళ్లిపోతే అందరికీ హాయి అని ఆ కథ నాతోనే అన్నట్టుంది.

నాకు ఆటిజం ఉందని 31వ ఏట తెలిసింది. మా అక్క కొడుకుని పరీక్షలకి కాకినాడ తీసుకెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. డాక్టరమ్మ వాడి గురించి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే అక్క జవాబు చెబుతోంది. పక్కన కూర్చుని నేను మనసులో నా జవాబులు చెప్పుకుంటున్నాను. సగం ప్రశ్నలయ్యేసరికి నా చేతులు వణకడం మొదలైంది. ఇప్పుడు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తాను, రాత్రిళ్లు కథలు రాస్తాను. ఫోన్‌లో నాకు మాటలు సరిగా రావు కాబట్టి, ఆ అబ్బాయికి చెప్పాల్సిందంతా ఇలా రాస్తున్నాను. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, జానపదం, దెయ్యాల కథ, ఏదైనా సరే, "ఇలా ఉంటే ఏమవుతుంది?" అని మొదలయ్యే కథలన్నిటినీ ఇక్కడ ఊహాకథ అంటున్నాను.

మనిషిని వదిలి లోకాన్ని పట్టుకోండి

మా కోనసీమలో పుట్టినవాళ్లకి ఒక సంగతి తెలుసు. ఆగస్టులో ఒక్కోసారి ఎండ ఫెళ్లున కాస్తుంటుంది, చినుకు కూడా ఉండదు, అయినా గోదారి ఎర్రగా ఉబ్బి నది మధ్య దిబ్బల్లాంటి లంకల మీదికి వచ్చేస్తుంది. వాన పడింది ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో. భద్రాచలం దగ్గర ఇవాళ పెరిగిన నీరు మర్నాటికి ధవళేశ్వరం చేరుతుంది. పైన వాన పడిందని తెలియనివాడు మా గట్టు మీద నిలబడి చూస్తే, ఈ నదికి పిచ్చెక్కిందనుకుంటాడు.

ఆటిజం ఉన్న పిల్లని బయటనుంచి చూసి రాసే కథలన్నీ ఆ గట్టు మీద నిలబడి రాసినవే. సాయంత్రం అన్నంలో పప్పు అంటుకుందని పిల్ల గంటసేపు ఏడుస్తుంది. రచయిత ఆ ఏడుపు రాస్తాడు. వాన పడింది పొద్దున్న తొమ్మిది గంటలకి, బళ్లో, రేకుల షెడ్డు కింద, అరవై మంది ఒక్కసారి ఎక్కాలు వల్లిస్తున్నప్పుడు. అది ఎవరికీ కనిపించలేదు.

మామూలు కథలో ఆ వానని చూపించడం కష్టం. "ఆమెకి ఆ శబ్దం భరించలేనంతగా అనిపించింది" అని రాస్తే పాఠకుడు తన చెవులతోనే చదువుకుంటాడు. తన చెవులకి ఎక్కాలంటే ఎక్కాలే. ఇంతదానికి అంత ఏడుపా అనుకుంటాడు. ఊహాకథలో అయితే పాఠకుడి చెవులనే మార్చేయొచ్చు. మీ చేతిలో ఉన్న అసలు పనిముట్టు అదే. దాన్ని గ్రహాంతరవాసికి ఖర్చు పెట్టకండి, రోబోకి ఖర్చు పెట్టకండి. మనిషిని మామూలుగానే ఉంచి, చుట్టూ ఉన్న లోకానికి ఒక్క నియమం మార్చండి.

నేను రాసిన ఒక కథ మొదలు ఇలా ఉంటుంది:

"మా లంకలో శబ్దం ఎండదు. ఏది మోగినా తడి ఒండ్రులా వచ్చి ఒంటికి అంటుకుంటుంది. కోడి కూత మోచేతికి అంటుతుంది. గిన్నె జారిపడితే అరచేతి మందాన వీపు మీద పడుతుంది. నిద్రపోతే తప్ప రాలదు. అందుకే మా అమ్మ నన్ను పిలిచి లేపదు, పాదం మీద తట్టి లేపుతుంది. సాయంత్రానికి నాన్న భుజాలు వంగిపోయి ఉంటాయి, ఆయన పని సంతలో మరి. పెళ్లికి వెళ్లొస్తే రెండు రోజులు మంచం దిగం. అయినా వెళ్తాం, వాళ్లు మనవాళ్లు కదా."

ఇందులో ఆటిజం అన్న మాట లేదు, కథ మొత్తంలో ఎక్కడా లేదు. కానీ ఆఖరి వాక్యం లేకపోతే ఈ పేరా దండగ. నాలాంటివాళ్లు పెళ్లికి రాకపోతే మాకు మనుషులంటే ఇష్టం లేదంటారు. ఇష్టం ఉంటుంది. వెళ్లడానికి అయ్యే ఖర్చు మీకంటే ఎక్కువ, అంతే. ఆ రెండూ ఒకే చోట పాఠకుడికి అందాలి.

నియమం పెట్టాక దానితో కాపురం చేయండి. ఆ లంకలో బడి ఎలా నడుస్తుంది? మర్యాద అంటే ఏమిటి? తిట్టు అంటే ఏమిటి? (మా కథలో చెవి పక్కన చిటిక వేయడం పెద్ద తిట్టు.) చంటిపిల్ల ఏడిస్తే తల్లికి ఏమవుతుంది? ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకుంటూ పోతే సగం కథ దానంతట అదే వస్తుంది. ఒంటికి ఒండ్రు అంటని మనిషిని ఒకణ్ణి ఊళ్లోకి దింపండి. వాడు చెడ్డవాడు కానక్కర్లేదు. "ఇంత బలహీనులేంటండీ మీరంతా" అని జాలిపడితే చాలు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. లోకమంతా మారిపోతే ఒంటరితనం పోతుంది. అందరికీ లేనిది నాకొక్కదానికే ఉండటం అన్నది ఇందులో రాదు. అది కావాలంటే నియమం ఒక్క మనిషికే పెట్టాలి, మిగతావాళ్లు నమ్మకూడదు. అది రాయడం కష్టం, చిన్న కథలో ఇమడదు. మొదటిసారి రాసేవాళ్లు అందరికీ వర్తించే నియమంతోనే మొదలుపెట్టడం మంచిదని నా ఉద్దేశం.

ఎక్కువ వినిపించడం ఒక్కటే రాసి ఊరుకోకండి. లియో కానర్ అనే డాక్టరు 1943లోనే తన పరిశీలనలో పెద్ద శబ్దాలకి బెదిరిపోయే పిల్లల గురించి రాశాడు. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో ఆటిజం లక్షణాల జాబితాలోకి ఇంద్రియాల సంగతి చేరింది మాత్రం 2013లో. అందులో ఎక్కువతో పాటు తక్కువ కూడా ఉంది. కొందరికి ఆకలి తెలియదు, జ్వరం తెలియదు. మా లంక కథలో ఒక ముసలాయన ఒంటికి శబ్దం చాలా పలచగా అంటుతుంది. తానక్కడ ఉన్నట్టు తెలియడానికి ఆయన రోజూ రేవులో ఇత్తడి బిందె మోగిస్తాడు. ఊరంతా ఆయన మీద కోపంగా ఉంటుంది. నేను రాసినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే.

రాసేముందు ఒక సాధన చేయండి. అమలాపురం బస్టాండుకి వెళ్లి పావుగంట కూర్చోండి. వినిపించిన ప్రతి శబ్దం రాయండి, ఏదీ వదలకండి. ట్యూబులైటు గుయ్యిమనేదీ, పక్కాయన ముక్కు పీల్చేదీ, చెప్పు అడుగున ఇసుక నలిగేదీ అన్నీ. నేను ఒకసారి రాస్తే యాభై దాటాయి. కథలు రాసేవాళ్లు వీటిలో మూడు ఏరుకుని మిగతావి పారేస్తారు. మీ మెదడు కూడా రోజూ అదే పని మీకు తెలియకుండా చేసిపెడుతోంది. నా మెదడు ఏరదు. ఆ యాభైనీ ఒకే పేరాలో పెట్టి, మధ్యలో ఎక్కడో ఒకచోట "అమ్మ నన్ను పిలిచింది" అని రాయండి. ఆ వాక్యం పాఠకుడి కంటబడకుండా జారిపోవాలి. పిలిస్తే పలకని పిల్ల ఎందుకు పలకలేదో అప్పుడు తెలుస్తుంది.

వెటకారం, పోటు, పాటు

గోదారి జిల్లాల వెటకారం గురించి వేరే చెప్పక్కర్లేదు. అందరూ మెచ్చుకునేదే. నాకు మాత్రం అది చిన్నప్పటినుంచీ గోడ. పదేళ్లప్పుడు ఒక పేరంటానికి ఆలస్యంగా వెళ్లాను. గుమ్మంలో ఒక పెద్దావిడ, "అబ్బో, ఎంత తొందరగా వచ్చేవమ్మా, ఇంకాసేపు ఆగి రాకపోయేవా" అంది. "సరేనండి" అని వెనక్కి వెళ్లి, కాలవ గట్టు మీద గంటసేపు కూర్చుని మళ్లీ వచ్చాను. ఇంటినిండా నవ్వులు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ పేరంటానికీ వెళ్లలేదు.

ఈ అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాస్తే పాఠకుడూ నవ్వేస్తాడు. అతనికి ఆ వెటకారం ముందే అర్థమైపోయింది కదా. అతనికీ అర్థం కాకూడదు. అందుకని గోదారి సముద్రంలో కలిసేచోట ఒక ఊరు కట్టాను. పోటు ఎక్కేటప్పుడు, అంటే సముద్రం నీరు పైకి వచ్చేటప్పుడు, అక్కడ మాటలకి ఉన్న అర్థమే ఉంటుంది. పాటు తీసేటప్పుడు, అంటే ఆ నీరు వెనక్కి పోయేటప్పుడు, ప్రతి మాటకీ తిరగేసిన అర్థం. "రండి, భోంచేయండి" అంటే వెళ్లిపోమని. ఆరేడు గంటలకోసారి మారిపోతుంది. ఆ మార్పు ఊళ్లో అందరికీ పుట్టుకతోనే కడుపులో తెలుస్తుంది. ఒక్క అమ్మాయికి తెలియదు. పోటు లెక్కలు రాసుకున్న కాగితం నడుముకి చుట్టుకుని తిరుగుతుంది.

ఇక్కడ చేయాల్సిన అసలు పని ఏమిటంటే, ఇప్పుడు పోటో పాటో పాఠకుడికి చెప్పకండి. ఆనవాళ్లు మాత్రం వదలండి. లంగరేసిన పడవ ముక్కు ఎటు తిరిగి ఉంది, రేవు మెట్లు ఎన్ని తడిగా ఉన్నాయి, నీరు ఉప్పగా ఉందా చప్పగా ఉందా. పాఠకుడు ప్రతి సంభాషణకీ ముందు వెతుక్కోవాలి, లెక్క వేసుకోవాలి, ఒకసారి తప్పు లెక్క వేసి పెళ్లి సంబంధం మాటల్లో బోల్తా పడాలి. కథ పూర్తయ్యేసరికి అలసిపోవాలి, కాస్త టెన్షన్ పడాలి. నాకు ప్రతి పలకరింపూ అంతే. ముఖం, గొంతు, నిన్న వాళ్లు ఏమన్నారు, అన్నీ కూడి తీసేసి జవాబు చెప్పేసరికి వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయి ఉంటారు.

ఇంకో మెట్టు ఎక్కండి. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సామాజికశాస్త్రవేత్త ఉన్నాడు, ఆయనకీ ఆటిజం ఉంది. 2012లో ఆయన ఒక మాట అన్నాడు. ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్లు అర్థం కారన్నది ఎంత నిజమో, ఎదుటివాళ్లకి వీళ్లు అర్థం కారన్నదీ అంతే నిజం, కాబట్టి ఆ లోటు ఇద్దరి మధ్యలో ఉంది, ఒక్కరి తలలో లేదు అని. కథలో దీన్ని చూపించాలంటే ఆ అమ్మాయి లాంటివాళ్లని ఇంకో ముగ్గుర్ని తెచ్చి ఒక పడవలో కూర్చోబెట్టండి. పోటూ పాటూ పట్టని నలుగురూ హాయిగా, సూటిగా మాట్లాడుకుంటారు. ఊళ్లోవాడు ఒకడు ఆ పడవ ఎక్కి ఒక్క ముక్క కూడా అర్థం చేసుకోలేక దిగిపోతాడు. అప్పుడు ఎవరిది లోపం అని మీరు అడగక్కర్లేదు, పాఠకుడే అడుగుతాడు.

వరద ఎప్పుడు వస్తుంది

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది దాటిపోయింది, లంకల్లో జనం పడవల మీద బయటికి వచ్చారు. మీ పాత్రకి కూడా ఇలాంటి కొలబద్ద ఒకటి రాసి దగ్గర పెట్టుకోండి. పాఠకుడికి చూపించనక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు.

మా ఊరి పక్కనే జగ్గన్నతోటలో కనుమనాడు ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు) భుజాల మీద వస్తాయి, కొన్ని పచ్చటి చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్లలోంచి దాటి వస్తాయి. మా వైపు అంతకంటే అందమైన రోజు లేదు. తొమ్మిదేళ్లప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లాను. ముందు వాసనలు: కొత్త బట్ట గంజి, జీళ్లు, మందుగుండు, తొక్కిన వరి. ఆ తర్వాత "అశ్శరభ శ్శరభ" అన్న కేకలు నా పొట్టలోంచి వస్తున్నట్టు అనిపించాయి. మా పక్కన పెద్ద టపాకాయ పేలాక అన్నీ దూరంగా జరిగిపోయాయి. నాన్న నోరు కదులుతోంది, మాట లేదు. అందరూ చూసింది మాత్రం బుద్ధిగా నిలబడ్డ పిల్లని. "మీ అమ్మాయి ఎంత నెమ్మదస్తురాలండీ" అన్నారట.

మర్నాడు పొద్దున్న అమ్మ తల దువ్వుతుంటే దువ్వెన పన్ను చెవి పైన తగిలింది. నేను అరవడం మొదలుపెట్టి గంటసేపు ఆపలేదు. తీర్థంలో దిష్టి తగిలిందని మిరపకాయలు, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేశారు. ఆ ఘాటుకి ఇంకో గంట.

వాన ఎక్కడో పైన, వరద ధవళేశ్వరంలో. మీ కథలో ఈ ఎడం ఉండాలి. మెల్ట్‌డౌన్ (మోయలేనంత పేరుకుపోయి ఒక్కసారిగా ఏడుపో అరుపో అయి తెగిపోవడం) రాయాలనుకుంటే ముందు రోజు నుంచి రాయండి. దాన్ని లోపలినుంచే రాయండి, గది మూల నుంచి చూస్తున్నట్టు రాయకండి. ఊహాకథలో దీనికి మంచి వీలుంది: కాలం ఆలస్యంగా తగిలే ఊరు. అక్కడ ఇవాళ తగిలిన దెబ్బ రేపు నొప్పెడుతుంది, ఇవాళ తిన్న తీపి రేపు నాలుక మీదికి వస్తుంది. అలాంటి ఊళ్లో ఎవరైనా ఏడిస్తే "ఏమైంది?" అనరు, "నిన్న ఏమైంది?" అంటారు. అలా అడిగే ఊరు ఒకటుంటే బాగుండని ఎన్నోసార్లు అనుకున్నాను, అందుకే రాసుకున్నాను.

అరుపులు లేని మూసుకుపోవడం కూడా ఉంటుంది, దాన్ని అలక అనుకుంటారు. రొయ్యల చెరువులున్నవాళ్లకి ఇలా చెబితే వెంటనే తెలుస్తుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు రైతు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ వేస్తాడు, రొయ్యకి పొగరంటాడా?

మాట రాని పిల్లని దేవతని చేయకండి

మా అక్క కొడుకుకి ఏడేళ్లు. సొంతంగా వాక్యం కట్టడు. విన్న వాక్యాలు దాచుకుని వాడతాడు. ఎక్కడైనా ఉక్కపోసినట్టయి బయటికి వెళ్లిపోవాలనిపిస్తే, "రావులపాలెం, రావులపాలెం, ఎక్కండి ఎక్కండి" అంటాడు, అచ్చం కండక్టర్ గొంతుతో. ఇంటికి వచ్చినవాళ్లు బస్సు ఆట అనుకుని టికెట్ అడుగుతారు. వాడు అడిగింది వేరు.

ఫాంటసీల్లో ఇలాంటి పిల్లవాడు సాధారణంగా భవిష్యత్తు చెబుతాడు, లేదా దేవుడితో మాట్లాడతాడు. దయచేసి అలా రాయకండి. వాడి మాట వెనక దేవరహస్యం లేదు, ఒక అవసరం ఉంది. ఎవరూ కొత్త వాక్యం పుట్టించలేని రాజ్యం ఒకటి ఊహించండి. అక్కడ ఎప్పుడో ఎవరో అన్న వాక్యాలే అందరూ అరువు తెచ్చుకుని మాట్లాడాలి. ప్రేమ చెప్పాలంటే చిన్నప్పుడు విన్న చేపల బేరం వాక్యమే దిక్కు. అలాంటి చోట ఒకరినొకరు అర్థం చేసుకోవాలంటే ఆ వాక్యం వాళ్లు మొదట ఎక్కడ విన్నారో తెలిసుండాలి, అంటే వాళ్ల జీవితం తెలిసుండాలి. పాఠకుడికి మొదటి పేజీలో ఒక వాక్యం ఇచ్చి, అది పుట్టిన చోటు పదో పేజీలో చూపించండి.

ఆనందం

బాధ ఒక్కటే రాస్తే అబద్ధం రాసినట్టే. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీకి 175 గేట్లు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. ఈ నాలుగు అంకెలు ఇలా వరసగా చెప్పుకుంటే నాకు లోపల ఏదో సర్దుకుంటుంది. ఎలా అంటే, చిన్నప్పుడు నాన్న కాలవ లాకుల దగ్గరికి తీసుకెళ్లి పడవ ఎలా ఎక్కేదో చెప్పేవారు. పడవ లాకులోకి రాగానే కింది తలుపు మూస్తారు, పైనుంచి నీళ్లు వదులుతారు. లోపలి నీరూ పైనీరూ సమానమయ్యేదాకా పదిమంది తోసినా పై తలుపు కదలదు. సమానమైన క్షణాన మెల్లగా తెరుచుకుంటుంది. నాకు ఇష్టమైన విషయం చదువుతున్నప్పుడు సరిగ్గా ఆ తలుపు తెరుచుకుంటుంది, చేతులు వాటంతటవే గాల్లో ఆడతాయి.

ఈ ఇష్టాన్ని శక్తిగా మార్చే తొందర రచయితలకి చాలా ఉంటుంది. గేట్ల లెక్క తెలిసిన పిల్ల వరద నుంచి ఊరిని కాపాడుతుంది, అప్పుడు ఊరు ఆమెని ఒప్పుకుంటుంది. ఊరిని కాపాడకపోయినా ఆమె ఊరిదే. ఆ అంకెలు కథలో దేనికీ పనికిరాకుండా, ఆమెకి సంతోషం ఇచ్చి ఊరుకోనివ్వండి.

చివర్లో నయం చేసేయకండి. భవిష్యత్తు కథ కాబట్టి ఒక మాత్రో యంత్రమో పెట్టాలనిపిస్తుంది. పెడితే, అది మింగాక ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో కూడా రాయండి, లేదా ఆమె ఎందుకు వద్దందో రాయండి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. వైకల్యం అన్న మాటంటే నాకు భయం లేదు, కష్టం ఉన్నమాట నిజం. "వ్యాధిగ్రస్తురాలు", "మందబుద్ధి" అంటేనే పేజీ మూసేస్తాను.

కథ పూర్తయ్యాక ఆటిజం ఉన్న మనిషితోనే చదివించండి. తల్లిదండ్రుల మాట విలువైనదే, కానీ వాళ్లూ గట్టు మీదివాళ్లే. "బాగుందా?" అని అడగకండి, మర్యాదకి బాగుందంటారు. ఎక్కడ ఆపేయాలనిపించింది, ఎక్కడ నువ్వే అనిపించింది, ఈ రెండూ అడగండి. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి.

పిల్లలకైతే చదివి వినిపించండి. పోటు పాటు కథ మా వాడికి వరండాలో కూర్చుని చదివాను. మూడు పేజీలదాకా నా మోకాలి మీద వేలితో కొడుతూ విన్నాడు. పెళ్లి సంబంధం మాటల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. "రావులపాలెం, రావులపాలెం" అన్నాడు. కాగితాలు అక్కడే పెట్టేసి, వాడి చెప్పులు తెచ్చి, ఇద్దరం కాలవ గట్టుకి వెళ్లాం.